ఏనుగు కబురు చెప్పే డబ్బీ

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర ఎంత పలికిందో కుప్పం రైతుకు నిమిషాలమీద ఫోనులో తెలిసిపోతున్నది. తన రాగిచేని గట్టుమీదికి ఏనుగు వచ్చిన సంగతి మాత్రం, అది చేలో అడుగుపెట్టేదాకా తెలియదు. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను యంత్రాల ఊసెత్తడానికి ఈ విడ్డూరమే కారణం.

ఈ ప్రాంతంలో సుమారు రెండువందల ఏళ్లపాటు ఏనుగుల జాడ లేదు. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవులనుంచి గుంపులు వచ్చి కుప్పం, పలమనేరు కొండల్లో నిలిచాయి. 1990లో 358 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కాని హద్దురాళ్ల సంగతి ఏనుగుకేం తెలుసు? పుంగనూరు వైపు పొలాల్లోకీ వస్తుంది. కందకాలు తవ్వారు, సోలారు కంచెలు కట్టారు, 2025 మే నెలలో కర్ణాటకనుంచి కుంకీ ఏనుగులను తెచ్చారు. అయినా రాత్రి కాపలాకు పోయిన రైతు ప్రాణానికీ, దొంగచాటు కరెంటుతీగ తగిలే ఏనుగు ప్రాణానికీ భరోసా లేదు. ఇద్దరికీ కావలసింది ఒకటే, ముందుగా ఒక కబురు.

గజేంద్రుడి మొర వైకుంఠందాకా వినిపించిందన్నారు పోతనగారు. మన చెవికి మాత్రం ఏనుగు మాట పూర్తిగా అందదు. మనకు వినపడనంత మంద్రస్వరంలో ఏనుగులు మాట్లాడుకుంటాయని 1984లో కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు అమెరికాలోని పోర్ట్‌లాండు జంతుప్రదర్శనశాలలో గుర్తించింది.

అడవి చప్పుళ్లు పట్టే యంత్రాలు లేకపోలేదు. వాటి ఖరీదే భారం. ఇంగ్లండులో సౌథాంప్టన్, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయాల పరిశోధకులు ‘ఆడియోమాత్’ అనే చిన్న డబ్బీని చౌకలో చేశారు. మూడు పెన్సిల్ బ్యాటరీలు వేసి చెట్టుకు కడితే చాలు, చప్పుళ్లు నమోదు చేస్తుంది. బెలిజ్ దేశంలో దొంగవేటగాళ్ల తుపాకి మోత పట్టడానికి దీన్ని పరీక్షించారు. దాని నక్షా, ప్రోగ్రామూ దాచుకోకుండా లోకానికి ఇచ్చేశారు. దీన్నే ‘ఓపెన్ సోర్స్’ అంటారు. అడిగినవారికల్లా మన అమ్మమ్మలు ఆవకాయ కొలతలు చెప్పినట్టన్నమాట! ఆకారం చిన్నది, మేత తక్కువ. పుంగనూరు ఆవు బాపతే.

అయితే ఈ డబ్బీ వింటుందే గాని కేకవెయ్యదు. ఏనుగుల మంద్రస్వరానికి తగిన మైకు కావాలి, కబురు ఊరికి చేర్చే రేడియో కావాలి. చేరిన కబురు పదిమందికీ అందాలి. తమిళనాడులోని వాల్పారైలో ఆ చివరి పని ఎప్పుడో జరిగింది. ఏనుగులు ఎక్కడున్నదీ జనానికి ఫోను సందేశాలు వెళతాయి. దారిలో ఎర్రదీపాలు ఫోనుతోనే వెలుగుతాయి. అక్కడ మనుషుల మరణాలు తగ్గాయి. ఆ కృషికి ఆనందకుమార్‌గారికి 2015లో విట్లీ అవార్డు వచ్చింది.

మదనపల్లెలోనూ కుప్పంలోనూ ఇంజనీరింగు కాలేజీలున్నాయి. చివరి ఏడాది ప్రాజెక్టుకు పిల్లలు అంశంకోసం వెతుక్కుంటూనే ఉంటారు. నక్షా ఉచితం, అడవి గడపలోనే ఉన్నది, చేను తీరూ గాలి తీరూ చెప్పడానికి రైతులున్నారు. ఇంతకన్నా మంచి అంశం ఏముంటుంది?

బయటినుంచి కొని తెచ్చిన యంత్రం చెడితే అటకెక్కుతుంది. మన పిల్లలు చేసిన యంత్రం చెడితే, బాగుచేసే చెయ్యి ఊళ్లోనే ఉంటుంది.