కొండగాలిని వడబోయు యంత్రము

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములో ద్రవరూపమున సిద్ధమైన ప్రాణవాయువు 2021 ఏప్రిల్ మాసమున, దేశములో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలునెక్కి మహారాష్ట్రమునకు తరలిపోయినది. కాని ఆ నగరమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరముననే యున్న అరకులోయను దాటి, బండి పోని కొండకొమ్ముల గూడెములకు అదే వాయువును చేర్చవలెనన్నచో ఏ రైలును అక్కరకు రాదు. రోగినే డోలీ కట్టి భుజములపై దింపుకొని వచ్చు దారులలో, 50 కిలోలకు మించిన ఉక్కు సిలిండరును పైకి మోయువారెవ్వరు? మోసినను, నల్లని ఒడలు తెల్లని మెడ గల ఆ పెద్ద సిలిండరులో పట్టునది 7 ఘనమీటర్లు. నిమిషమునకు 5 లీటర్ల చొప్పున వదలినచో ఒక్క దినమైన గడువకమునుపే అది వట్టిపోవును.

వాయువును మోసికొనిపోవుటకు మారుగా, ఉన్నచోటనే గాలినుండి దానిని వేరుచేయు ఆక్సిజన్ కాన్సంట్రేటరునకు మూలపురుషుడు ఒక రాయి. 1756లో స్వీడను దేశపు ఖనిజవేత్త క్రోన్‌స్టెడ్ ఒక ఖనిజమును వేడిచేయగా, దానిలో దాగిన నీరు ఆవిరియై రాయి మరగుచున్నట్లు కానవచ్చెను. ఆ జాతి రాళ్లు జియోలైట్లు. అణుప్రమాణములైన రంధ్రములు గల ఈ పదార్థమును, భూమి ప్రసాదించువరకు వేచియుండక, యూనియన్ కార్బైడ్ రసాయనవేత్త రాబర్ట్ మిల్టన్ 1950 ప్రాంతమున ప్రయోగశాలలోనే నిర్మించెను. ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు దానిచేత వాయువులను విడదీయించు పద్ధతికి ఎస్సో పరిశోధకుడు చార్లెస్ స్కార్‌స్ట్రమ్ 1960లో పేటెంటు పొందెను. విచిత్రమేమనగా, దానిని ముందుగా విరివిగా వాడుకొన్నది వైద్యులు కారు, వాయువులలోని తేమను తీయగోరిన పరిశ్రమలవారు. 1970ల దశకమున గాని అది మంచము ప్రక్కకు రాలేదు.

పెట్టెలో రెండు స్తంభములు, వానినిండ జియోలైటు గుండ్లు. కంప్రెసరు గదిలోని గాలిని పీల్చి మొదటి స్తంభములోనికి నొక్కగా, గాలిలో నూటికి 78 పాళ్లున్న నత్రజని ఆ రంధ్రములలోని లోహ అయానుల ఆకర్షణకు లోబడి అచటనే అంటుకొనును. ఆక్సిజనుపై ఆ ఆకర్షణ స్వల్పము గనుక అది ముందునకు సాగిపోవును. కొన్ని క్షణములకు కవాటము తిరిగి, ఒత్తిడి సడలి, చిక్కిన నత్రజని బుస్సుమని వెలికిపోవునంతలో రెండవ స్తంభము పనికి దిగును. వచ్చు వాయువున నూటికి 90 మొదలు 95 పాళ్లు ఆక్సిజనే. ఇదే పద్ధతిన ఆసుపత్రి గొట్టములకు వాయువునందించు పి.ఎస్.ఎ. (ప్రెషర్ స్వింగ్ అడ్సార్ప్షన్) ప్లాంట్లు ఈ పెట్టెకు పెద్దన్నలు. మన రాష్ట్రమున 2022 జనవరిలో ఒకేసారి అట్టివి 144 ప్రారంభమైనవి.

అరకు పొగమంచు విహారయాత్రికులకు కనులపండువే గాని ఈ యంత్రమునకు పగ. జియోలైటునకు నత్రజనికంటె నీటిపై మక్కువ యెక్కువ. వానకాలమంతయు మూలబడియున్న యంత్రము తేమను త్రాగి, తీరా అవసరము వచ్చి స్విచ్చి వేసినప్పుడు, బుస్సుమనుచునే యుండును, ప్రవాహమును చూపు గాజుగొట్టములో చిన్నగుండు 5వ గీతకు లేచుచునే యుండును; వెలువడునది మాత్రము మామూలు గాలికి కొంచెము మెరుగైన గాలి. కావున రోగి లేకున్నను అప్పుడప్పుడు యంత్రమును నడుపుట, ఫిల్టరును కడిగి ఆరబెట్టుట, స్వచ్ఛతను మాపకముతో కొలుచుట తప్పనిసరి. ఇచ్చివేసిన యంత్రములను లెక్కించువారు, నడచుచున్న యంత్రములను లెక్కించుట మేలని నా యభిప్రాయము.

గాలి ఉచితమే గదా, దానికి వైద్యుని చీటీ యేల యనువారు కలరు. మన దేశమున వైద్య ఆక్సిజను 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టమునకు లోబడిన ఔషధము. చట్టమునకంటె బలమైన కారణము శరీరముననే కలదు. ఏండ్ల తరబడి కట్టెపొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు చెడిన అవ్వ ఆయాసము చూచి జాలితో గాజుగొట్టములోని గుండును పైకెత్తినచో, రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరిగి, ఆమె మత్తులోనికి జారవచ్చును. అట్టివారికి రక్తపు ఆక్సిజన్ శాతము 88–92 నడుమ నిలుపుట వైద్యుల లక్ష్యము. అందుకే చీటీలో లీటర్లు, గంటలు, చేరవలసిన శాతము మూడును వ్రాయవలెను. నెలలు నిండని శిశువులకు మితిమీరి ఇచ్చిన ఆక్సిజను చూపును హరించునని మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ 1951లోనే చూపినది.

ఆక్సిజను తాను మండదు, మండుదానిని రెచ్చగొట్టును. నిప్పుకొనను నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు ముదుసళ్లు మన ఉత్తరాంధ్రమున నేటికిని కలరు. ముక్కున గొట్టముండగా చుట్ట ముట్టించుట ముఖమును కాల్చుకొనుటయే. పొయ్యి కనీసము 3 మీటర్ల దూరముననుండవలెను. ముక్కునకు నూనెగాని వాసెలైనుగాని రాయరాదు. యంత్రమాపినను కంబళిలో ఆక్సిజను కొంతసేపు నిలిచియుండును.

అరకువలెనే కొండలు మిక్కుటమైన పాపువా న్యూగినీ దేశమున 5 ఆసుపత్రులకు ఈ యంత్రమును, రక్తపు ఆక్సిజన్ శాతమును చూపు పల్స్ ఆక్సీమీటరుతో జతగా ఇచ్చి చూడగా, న్యుమోనియా సోకిన పిల్లలలో మరణములు నూటికి 5 దరిదాపులనుండి 3.2కు దిగినవని 2008లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. ఆ జతలో రెండవదానిని మరువరాదు. చలికాలమున కొయ్యబారిన వ్రేలికి ఆక్సీమీటరు తగిలించినచో అంకె తప్పుగా చూపవచ్చును; అరచేతిని రుద్ది వెచ్చజేసి, గోటిరంగు లేని వ్రేలిని ఎంచి, అంకె నిలకడయగువరకు ఆగి, పిమ్మట గాని మరను తిప్పరాదు.