విహార నౌకలో టిక్కెట్టు ఒక ఎత్తు, పైఖర్చు మరొక ఎత్తు
రేవు పట్టణానికి దక్కే వాటాపైనే విశాఖ ఆశలు

సముద్ర విహారానికి బయలుదేరే ప్రయాణికుడు టిక్కెట్టు కొనడంతో ప్రధానమైన ఖర్చు తీరిపోయిందని భావిస్తాడు. నౌక యజమాని అసలు లెక్క అక్కడే మొదలవుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద విహార నౌకా సంస్థ అయిన కార్నివాల్ 2024లో ఆర్జించిన ఆదాయం సుమారు 2,500 కోట్ల డాలర్లు. ఇందులో టిక్కెట్ల ద్వారా వచ్చినది దాదాపు 1,650 కోట్ల డాలర్లు మాత్రమే. మిగిలిన 850 కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ము నౌకలోని మద్యశాలలు, జూదశాలలు, మర్దన గదులు, దుకాణాలు, రేవుల్లో అమ్మిన విహార యాత్రల ద్వారా సమకూరింది. అంటే వచ్చిన ప్రతి వంద డాలర్లలోనూ 34 డాలర్లు పైఖర్చు రూపేణా వచ్చినవే. దాని ప్రధాన పోటీదారు రాయల్ కరీబియన్ 2023లో గడించిన సుమారు 1,390 కోట్ల డాలర్లలోనూ 430 కోట్లకు పైగా ఈ పద్దు కిందిదే.

విశాఖపట్నం రేవులో 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ విహార నౌకా కేంద్రానికి ఈ అంకెలతో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. కేంద్ర నౌకాయాన మంత్రి శర్బానంద సోనోవాల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభించిన ఈ కేంద్రంలో సుమారు 2,000 మంది ప్రయాణికులకు ఒకేసారి వసతి కల్పించవచ్చు. విహార నౌకలు వస్తే పట్టణానికి వ్యాపారం వస్తుందన్నది దీనికి మూలమైన ఆశ. అయితే ప్రయాణికుని జేబులోని డబ్బులో ఎంత భాగం నౌక మెట్లు దిగి రేవుకు చేరుతుందన్న ప్రశ్నకు, నౌక వచ్చినంత మాత్రాన సమాధానం దొరకదు.

నౌకే గమ్యస్థానం

ఒకప్పుడు ఓడ మనుషులను ఒక తీరం నుంచి మరొక తీరానికి చేర్చే వాహనం. విమానాలు వచ్చి ఆ పనిని లాగేసుకున్న తరువాత ఓడలు కొత్త ఉపాధి వెతుక్కోవలసి వచ్చింది. కార్నివాల్ సంస్థ తొలి నౌక ‘మార్డీ గ్రా’ 1972 మార్చిలో మయామీ నుంచి ప్రారంభ యాత్రకు బయలుదేరి రేవు దాటకముందే ఇసుక తిన్నెపైకి ఎక్కి చిక్కుకుపోయింది. శకునం చూసేవారైతే ఆ వ్యాపారాన్ని అక్కడితో విడిచిపెట్టి ఉండేవారు. యజమాని టెడ్ అరిసన్ విడిచిపెట్టలేదు. వెళ్లే ఊళ్ల గొప్పను చాటే పాత పద్ధతికి భిన్నంగా, నౌకలోని వినోదాన్నే సరుకుగా అమ్మే ఎత్తుగడను ఆ సంస్థ చేపట్టింది. ప్రయాణికుడు నౌకలో ఎంత ఎక్కువసేపు గడిపితే అంత ఆదాయం అన్న సూత్రం అప్పటి నుంచి ఈ పరిశ్రమలో పాతుకుపోయింది.

ఆ సూత్రానికి ఇరుసు వంటిది ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు. నౌకలో సాధారణంగా నగదు చెల్లదు. ఎక్కేటప్పుడు ఇచ్చే కార్డే గది తాళంచెవి, అదే గుర్తింపు చీటీ, అదే పద్దు పుస్తకం. శీతల పానీయం మొదలు బంగారు గొలుసు వరకు దేనికైనా దానిని చూపితే చాలు. చేతిలోని నోటు కరిగిపోవడం కంటికి కనిపిస్తే మనిషి వెనుకాడతాడు. కార్డులో కరిగేది కనిపించదు. నెలాఖరున కిరాణా కొట్టు అరువు పద్దు చూసి గృహస్థు ఉలిక్కిపడినట్లే, దిగేరోజు ఉదయం గది తలుపు కింద నుంచి తోసిన బిల్లు చూసి ప్రయాణికుడు ఉలిక్కిపడతాడు.

టిక్కెట్టు ధరలో గది, ప్రధాన భోజనశాలల్లో తిండి, ఈతకొలను, రాత్రి వినోద ప్రదర్శనలు సాధారణంగా కలిసి ఉంటాయి. మద్యం, ప్రత్యేక భోజనశాలలు, ఇంటర్నెట్, మర్దన, ఫోటోలు, జూదం, రేవుల్లో యాత్రలు వీటిలో చేరవు. పానీయాలకు రోజువారీ ‘ప్యాకేజీ’ ఉంటుంది. ఒకే గదిలోని పెద్దలలో ఒకరు తీసుకుంటే రెండవవారు కూడా తీసుకోవలసిందేనన్న నిబంధన పలు సంస్థలకు ఉన్నది. భర్త తాగుతాడని భార్య కూడా రుసుము చెల్లించే ఈ ఏర్పాటులోని న్యాయమేమిటో కంపెనీల లెక్కల శాఖకే తెలియాలి. ఇవిగాక సిబ్బందికి ఇచ్చే ఈనాము. అమెరికా నౌకల్లో మనిషికి రోజుకు 15 నుంచి 20 డాలర్ల వరకు ఇది బిల్లులో దానంతట అదే చేరుతుంది. నలుగురున్న కుటుంబానికి వారం రోజుల్లో ఇదొక్కటే 400 డాలర్లు దాటుతుంది. అందరూ దీనిని దయతో ఇచ్చేదిగా భావిస్తారు. వాస్తవంలో గది ఊడ్చేవారికి, వడ్డించేవారికి అది జీతంలో భాగం. ఆసియా దేశాల నుంచి వెళ్లి నెలల తరబడి నీటిపై పనిచేసే ఆ ఉద్యోగుల వేతన భారంలో కొంత ఈ విధంగా ప్రయాణికునికి బదిలీ అవుతున్నది.

కాలు మోపిన చోట కమీషను

రేవు చేరిన తరువాతనైనా డబ్బు పూర్తిగా ఊరివారిదవుతుందా అంటే, అదీ లేదు. నౌకలోనే ‘తీర విహార యాత్ర’లు అమ్ముతారు. ఊరిలోని బస్సు యజమానికి, గైడుకు అందేది ఆ ధరలో ఒక భాగమే. విహార నౌకల వ్యాపారాన్ని చాలాకాలం అధ్యయనం చేసిన కెనడా సామాజిక శాస్త్రవేత్త రాస్ క్లయిన్, స్థానికులకు దక్కేది సగమో, అంతకంటె తక్కువో ఉండే సందర్భాలను తన రచనల్లో చూపారు. ప్రయాణికుడు స్వయంగా ఆటోనో, టాక్సీనో మాట్లాడుకుంటే ఖర్చు తగ్గవచ్చు. కాని తిరిగి రావడం ఆలస్యమైతే నౌక వేచి ఉండదు. కంపెనీ అమ్మిన యాత్రలో ఆలస్యమైతే మాత్రం నౌక ఆగుతుందని హామీ ఇస్తారు. ఈ భయమే ఆ యాత్రలకు గట్టి గిరాకీ.

కొనుగోళ్ల సంగతి మరింత ఆసక్తికరం. కరీబియన్ రేవులకు ముందు రోజు నౌకలో ‘షాపింగ్ ప్రసంగం’ ఉంటుంది. ఏ ఊరిలో ఏ దుకాణంలో వజ్రాలు కొనాలో, ఎక్కడ టాంజనైట్ రాళ్లు మేలైనవో ఒక వక్త వివరిస్తాడు. దుకాణాల గుర్తులున్న పటాలు పంచుతారు. సిఫారసు చేసిన దుకాణాల్లో కొన్న వస్తువులకే హామీ వర్తిస్తుందని చెబుతారు. ఆ దుకాణాలు ప్రచార రుసుము చెల్లించి ఆ పటంలో చోటు సంపాదించినవన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. యాత్రికుని ‘ఫలానా కొట్టులోనే కొనండి, మనవాళ్లే’ అంటూ తీసుకువెళ్లే మనిషి మన పుణ్యక్షేత్రాలలోనూ కొత్త కాడు. ఇక్కడ ఆ పని చేసేది ఒక పరిశ్రమ.

అమెరికాలోని అలాస్కా రాష్ట్రం దీనిపై చట్టం వరకు వెళ్లింది. 2006 ఆగస్టులో అక్కడి ఓటర్లు విహార నౌకలలో వచ్చే ప్రతి ప్రయాణికునిపై 50 డాలర్ల రుసుమును ఆమోదించారు. రేవులోని దుకాణాలు, యాత్రల గురించి డబ్బు తీసుకుని నౌకలో ప్రచారం చేస్తుంటే ఆ విషయాన్ని బహిరంగపరచాలన్న నిబంధన కూడా అదే తీర్మానంలో ఉన్నది. రుసుమును తరువాత, 2010లో, తగ్గించారు.

ఫ్లోరిడా కరీబియన్ నౌకా సంస్థల సంఘం చేయించిన 2018 నాటి సర్వే ప్రకారం ఒక్కొక్క రేవులో ప్రయాణికుడు సగటున పెట్టే ఖర్చు సుమారు 100 డాలర్లు. సర్వే చేయించినది కంపెనీల సంఘమేనన్నది గమనార్హం. ఆ వంద డాలర్లలో పెద్ద వాటాలు యాత్రలవి, గడియారాలు, నగలవి. ఆ గడియారాలేవీ ఆ దీవుల్లో తయారైనవి కావు. ఇప్పుడు ఈ మొత్తాన్ని కూడా కంపెనీలు తమ ఖాతాలోకి మళ్లించుకుంటున్నాయి. రాయల్ కరీబియన్ 2019లో బహామాస్‌లోని తన కోకోకే దీవిని 25 కోట్ల డాలర్లతో తీర్చిదిద్దింది. కార్నివాల్ 2025 జూలైలో గ్రాండ్ బహామా దీవిపై ‘సెలబ్రేషన్ కీ’ పేరిట సొంత తీరాన్ని తెరిచింది. నౌకా కంపెనీదే, రేవూ కంపెనీదే, ఒడ్డున కొబ్బరిబోండాం అమ్మే కొట్టూ కంపెనీదే.

విశాఖ అనుభవం

ఈ నేపథ్యంలో విశాఖ పరిస్థితి కొంత విచిత్రమైనది. కార్డీలియా సంస్థకు చెందిన ‘ఎంప్రెస్’ నౌక 2022 జూన్‌లో తొలిసారి విశాఖకు వచ్చినప్పుడు, ఎక్కినవారిలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 1990లో ఫ్రాన్సులో నిర్మించి, ఒకప్పుడు రాయల్ కరీబియన్ నడిపిన ఈ నౌక చెన్నై, విశాఖ, పుదుచ్చేరిలను కలుపుతూ యాత్రలు మొదలుపెట్టింది. పుదుచ్చేరి ప్రభుత్వం మాత్రం నౌకలో జూదశాల ఉన్నదన్న అభ్యంతరంతో అప్పట్లో అనుమతి నిరాకరించింది. పుదుచ్చేరి చూడాలనుకున్నవారు దానిని సముద్రం నుంచే చూడవలసి వచ్చింది. ఒడ్డున పెట్టవలసిన ఖర్చంతా ఆ విధంగా నౌకలోనే మిగిలింది. జూదాన్ని వద్దన్న నిర్ణయం ప్రయాణికులను జూదశాల ఉన్న చోటనే మరికొన్ని గంటలు ఉంచడం ఒక వైపరీత్యం. మూడేళ్ల తరువాత, 2025 జూలైలో ఆ నౌక పుదుచ్చేరి తీరానికి రాగలిగింది. ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. అదే సీజనులో విశాఖ నుంచి కూడా యాత్రలు సాగాయి.

అంటే ఈ యాత్రల్లో విశాఖ అతిథులను ఆహ్వానించే ఊరుగా కంటె, అతిథులను పంపే ఊరుగా ఎక్కువ పనిచేసింది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన కుటుంబం ఒక రాత్రి విశాఖ హోటలులో దిగితే ఊరికి కొంత లాభమే. ఆ తరువాతి మూడు నాలుగు రోజుల ఖర్చు సముద్రంపైనే జరుగుతుంది. 2024 ఏప్రిల్ చివర వచ్చిన ‘ది వరల్డ్’ నౌక తీరు వేరు. అందులోని గదులు అక్కడ నివసించే సంపన్నుల సొంత ఇళ్లు. అటువంటివారు ఒక పూట దిగినా ఊరిలో కొనుగోలు చేసే శక్తి ఉన్నవారే. అటువంటి నౌకలు అరుదుగా వస్తాయి.

దేశంలో ఈ వ్యాపారం నిలదొక్కుకున్నదని చెప్పడానికి కూడా తొందర పడరాదు. 2019లో ముంబైలో ఆర్భాటంగా ప్రారంభమైన ‘కర్ణిక’ మరుసటి ఏడాదే కోవిడ్ దెబ్బకు ఆగిపోయి, అలంగ్ తీరంలో పాత ఇనుము కింద ముగిసింది. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రారంభించిన ‘క్రూయిజ్ భారత్ మిషన్’ 2029 నాటికి సముద్ర విహార ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేసి 10 లక్షలకు చేర్చాలని లక్ష్యంగా పెట్టుకున్నది. తలల లెక్కతో పాటు తలకు ఒడ్డున ఎంత ఖర్చయిందన్న లెక్క కూడా ఉంటే తప్ప రేవు పట్టణాలకు ఆ లక్ష్యం వల్ల ఒరిగేది తెలియదు.

కొండల సరుకు, కడలి బేరం

ఒక పూట దిగిన ప్రయాణికునికి విశాఖలో చూపడానికి కురుసుర జలాంతర్గామి, సింహాచలం, కైలాసగిరి ఉన్నాయి. అరకు, బొర్రా గుహలు చూసి సాయంత్రానికి తిరిగి నౌక ఎక్కడం కష్టం. కొనిపించడానికి ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి. అంకుడు కర్రపై సహజ రంగుల లక్క పూసే ఈ కళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికి కొత్త ఊపిరి పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అరకు కాఫీ 2019లో అదే గుర్తింపు పొందింది. చేతిసంచిలో పట్టే వస్తువులు, బరువు తక్కువ, తయారైనది ఈ నేలపైనే. కరీబియన్ దుకాణంలోని స్విస్ గడియారానికి లేని లక్షణమిది.

విశాఖ రేవు వెనుక భూమి ఇంతటితో ముగియదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాను నౌకలకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన కిరండోల్ రైలుమార్గం బస్తర్‌ను ఈ రేవుతో ముడివేసింది. బస్తర్ ఖనిజానికి ఓడ దారి అరవై ఏళ్లుగా తెలుసు. కొండగావ్ పరిసరాల్లో మైనం అచ్చులో కంచు పోసి చేసే డోక్రా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉన్నా ఆ దారి దొరకలేదు. ఇంకా దక్షిణాన, సుక్మా నుంచి కొంటా మీదుగా తెలుగు నేలపైకి దిగే జాతీయ రహదారిపై ఉన్న ఎర్రబోరు వంటి ఊళ్ల సంగతి చెప్పనవసరం లేదు. 2006 జూలైలో అక్కడి శిబిరంపై మావోయిస్టులు దాడిచేసి 30 మందికి పైగా ప్రాణాలు తీసిననాడు ఎర్రబోరు పేరు పత్రికలకెక్కింది. ఆ ప్రాంతపు చింతపండు, ఇప్పపూవు, తునికాకు సంతలో తూకం వేసి వ్యాపారికి అప్పగించేవరకే అడవిబిడ్డలవి. ఆపై ధరతో వారికి నిమిత్తం లేదు. సరుకుకూ కొనుగోలుదారుకూ మధ్య నిలిచినవాడే లాభం నిర్ణయిస్తాడన్న విషయంలో సంతకూ, కరీబియన్ షాపింగ్ పటానికీ పెద్ద తేడా లేదు.

విశాఖ నౌకా కేంద్రంలో దుకాణాలు ఎవరికి దక్కాలి, అద్దె ఎంత, కళాకారుల సంఘాలకు నేరుగా చోటిస్తారా లేక గుత్తేదారు ద్వారానా, నౌకలో విశాఖ గురించి చేసే ప్రసంగంలో ఏ కొట్టు పేరు చెప్పాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నవి రేవు యాజమాన్యం, రాష్ట్ర పర్యాటక శాఖ నౌకా సంస్థలతో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే తేల్చవలసిన విషయాలు. అలాస్కా మాదిరిగా కమీషను వివరం బయటపెట్టాలన్న షరతు పెట్టడానికి ఖర్చేమీ కాదు. అంతర్జాతీయ యాత్రల్లో నౌక రేవులో కట్టివేసి ఉన్నంతసేపు అందులోని సుంకంలేని దుకాణాలు, జూదశాల మూసి ఉంటాయి. ప్రయాణికుని డబ్బు కోసం నౌకతో పోటీ లేకుండా ఊరికి దొరికేవి ఆ ఆరేడు గంటలే.