వోల్టేజి పెంచే బుల్లి డబ్బా
ఇంట్లో చేసుకున్న ఎలక్ట్రానిక్ సిగరెట్టు గురించి

కొన్ని నెలల క్రితం మన సంఘ కుటుంబాల్లోని ఒక తల్లి ఓ.పి. గదిలోకి వచ్చి, చేతి రుమాల్లో చుట్టి తెచ్చిన ఒక రేకు డబ్బాను నా బల్ల మీద భయం భయంగా పెట్టారు. పిప్పరమెంటు బిళ్ళలు వచ్చే డబ్బా అది. మూత తీస్తే లోపల రెండు బ్యాటరీలు, ఒక చిన్న సర్క్యూటు ముక్క, ఎర్రవీ నల్లవీ తీగలు, పక్కన పాత రేడియోకి ఉండే వాల్యూమ్ నాబ్ లాంటిది, ఒక బటను, పైన నోట్లో పెట్టుకునే గొట్టం కనిపించాయి. "డాక్టరు గారూ, మా వాడి సంచిలో దొరికింది. ఇది బాంబు కాదు కదండీ?" అని అడిగారు.

వెనకాలే నిలబడ్డ అబ్బాయి నవ్వు ఆపుకుంటున్నాడు. ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. "బాంబేంటమ్మా, అది ఈ-సిగరెట్టు. నేనే చేశాను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, రోజుకు పది సిగరెట్లు కాల్చేవాణ్ణి. ఇది చేసుకున్నాక ఒక్కటి కూడా ముట్టలేదు" అన్నాడు.

తల్లికీ జవాబు చెప్పాలి, కొడుకుకీ జవాబు చెప్పాలి. కొడుకు చెప్పినది అబద్ధం కాదు కాబట్టి అతనికి చెప్పడమే కష్టమయింది. ఆ రోజు మేము మాట్లాడుకున్న సంగతులు మరికొన్ని ఇళ్ళలో కూడా పనికి వస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఈ నాబ్ ఎందుకు పుట్టింది?

ఇప్పుడు మనం చూస్తున్న ఎలక్ట్రానిక్ సిగరెట్టుకు మూలం చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో రూపొందించిన పరికరం. ఆయన కూడా బాగా సిగరెట్లు కాల్చేవాడే. తర్వాత నాలుగైదేళ్ళలో ఇది అమెరికా, బ్రిటన్ దేశాలకు చేరింది. మొదట్లో వచ్చినవి చూడ్డానికి సిగరెట్టులాగే సన్నగా ఉండేవి. లోపల పట్టే బ్యాటరీ చిన్నది కాబట్టి కాసేపటికే నీరసించేది.

టార్చిలైటు బ్యాటరీ దిగిపోతుంటే వెలుగు ఎలా పలచబడుతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే. లిథియం బ్యాటరీ నిండుగా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. వాడుతున్న కొద్దీ 3.7కు, ఇంకా కిందికి దిగుతుంది. దానితోపాటే ఆవిరీ తగ్గుతుంది, రుచీ తగ్గుతుంది. దీంతో విసిగిన కొందరు అభిరుచిపరులు, ముఖ్యంగా అమెరికాలో, బ్రిటన్‌లో, టార్చిలైటు గొట్టాల్లోనూ రేకు డబ్బాల్లోనూ పెద్ద బ్యాటరీలు పెట్టి సొంతంగా పరికరాలు చేసుకోవడం మొదలుపెట్టారు. కంప్యూటరు, టెలికం పరికరాల కోసం తయారైన ఒక చిన్న వోల్టేజి కన్వర్టరును తెచ్చి మధ్యలో పెట్టారు. రెండు బ్యాటరీలను ఒకదాని వెనక ఒకటి కలిపితే సుమారు 7.4 వోల్టులు వస్తాయి. కన్వర్టరు దాన్ని కోరినంతకు దించి, బ్యాటరీ దిగిపోతున్నా అదే వోల్టేజిని నిలకడగా ఇస్తుంది. నాబ్ తిప్పితే మూడు నుంచి ఐదారు వోల్టుల దాకా ఎంత కావాలంటే అంత. తరువాత కంపెనీలు కూడా ఇలాంటివే చేసి అమ్మాయి. ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రవాడికి ఇది ముచ్చటైన పనే. నేను కాదనను. ఆ డబ్బాలో అతుకులు మా ఎక్స్‌రే మిషను బాగుచేసే మనిషి పెట్టే అతుకులకంటే శుభ్రంగా ఉన్నాయి.

కాయిల్ దగ్గర ఏం జరుగుతుంది?

గొట్టంలో సన్నని తీగతో చుట్టిన కాయిల్ ఉంటుంది. మన ఇళ్ళలో నీళ్ళు కాచే హీటరు లాంటిదే, కాకపోతే బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది. దాని మధ్యలోంచి దీపపు వత్తిలాగా ఒక వత్తి పోతుంది. వత్తి ద్రవాన్ని పీలుస్తుంది, కాయిల్ దాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపినవీ ఉంటాయి.

నేను ఆ అబ్బాయిని అడిగాను: "నువ్వు నాబ్‌ను మూడు నుంచి ఐదుకు తిప్పితే వేడి ఎంత పెరుగుతుంది?" వెంటనే చెప్పాడు. వోల్టేజి రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది, రెండు రెట్లు కాదు. రెండు ఓముల కాయిల్‌కు 3.3 వోల్టులు ఇస్తే దాదాపు ఐదున్నర వాట్లు. అదే కాయిల్‌కు 5 వోల్టులు ఇస్తే పన్నెండున్నర వాట్లు. నాబ్ సగం కొలత జరిగిందో లేదో, వేడి రెండు రెట్లు దాటిపోయింది.

అతను లెక్క వేయనిది ఆ తర్వాతి సంగతి. వత్తి తడిగా ఉన్నంతసేపు, ద్రవం ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు గిన్నె మాడదు కదా, అలాగ. వేడి ఎక్కువై వత్తి పీల్చే వేగం చాలకపోతే వత్తి ఆరుతుంది, కాయిల్ అదుపు లేకుండా కాలుతుంది. అప్పుడు గ్లిజరిన్, గ్లైకాల్ ఆవిరి కావడంతో ఆగకుండా విరిగిపోతాయి. గ్లిజరిన్ విరిగితే వచ్చే వాటిలో అక్రోలీన్ ఒకటి. మూకుడులో నూనె మరీ కాగి పొగలు వస్తే కళ్ళు మండి, గొంతు పట్టేస్తుందే, ఆ ఘాటు చాలావరకు దానిదే. ఇంకొకటి ఫార్మాల్డిహైడ్. మెడికల్ కాలేజీల్లో శవాలు చెడకుండా ఉంచే ఫార్మలిన్ దీనితో చేసిందే. ఇది క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 2004లోనే నిర్ధారించింది.

2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు సరిగ్గా ఇలాంటి వోల్టేజి మార్చే పరికరాన్నే పరీక్షించారు. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌కు సంబంధించిన పదార్థాలు వారికి కనబడలేదు. 5 వోల్టుల దగ్గర బాగా కనబడ్డాయి. అంత వేడి మీద మనిషెవడూ పీల్చలేడు, మాడు రుచికే ఆపేస్తాడు అని ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే మాడు రుచి నాలుకకు తెలిసేలోపల ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. మా అబ్బాయిని అడిగితే వారానికి రెండు మూడుసార్లు అలా జరుగుతుందని ఒప్పుకున్నాడు. అతని డబ్బాలో వత్తి ఆరిందని తెలుసుకుని కరెంటు ఆపే ఏర్పాటేదీ లేదు.

అతుకుల సంగతి కూడా అడిగాను. మామూలు సోల్డరు తీగలో తగరం, సీసం ఉంటాయి. 2013లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధనలో, కంపెనీ చేసిన ఈ-సిగరెట్ల ఆవిరిలోనే, అతుకుల నుంచి వచ్చిన తగరపు రేణువులు కనిపించాయి. ఇంట్లో చేసిన అతుకు కాయిల్ పక్కనే ఉంటే ఏం పీలుస్తున్నామో ఎవరు కొలుస్తారు?

మాట వచ్చింది కనుక ఒకటి చెబుతాను. మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరపు పల్లెల్లో స్త్రీలు చుట్టను వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉండేది, ఇంకా పూర్తిగా పోలేదు. అడ్డపొగ అంటారు. అలాంటి వారి అంగిలి తెల్లబడి, పుండ్లు పడి, క్యాన్సరుగా మారడం డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. పొగాకు ఒక్కటే కాదు, వేడి కూడా అందులో పాలు పంచుకుంటుంది.

బ్యాటరీ

తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అది బాంబు కాదు, కాని ఆవిడ భయం పిచ్చి భయం కూడా కాదు.

డబ్బాలో ఉన్నవి 18650 అనే రకం బ్యాటరీలు. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు. పాత ల్యాప్‌టాప్ విప్పి తీశానని అబ్బాయి చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు వాటికి కాపలాగా ఒక సర్క్యూటు ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగినా, ఎక్కువ చార్జి అయినా, మరీ దిగిపోయినా అది అడ్డుపడుతుంది. బ్యాటరీని విడిగా పీకి తెచ్చుకున్నప్పుడు ఆ కాపలా వెనకే ఉండిపోతుంది. పైగా ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపి వరసగా పెడితే, బలహీనమైన దాన్ని బలమైనది పూర్తిగా పిండేస్తుంది.

లిథియం బ్యాటరీ లోపల ఉండే ద్రవం మండే స్వభావం గలది. లోపల ఎక్కడైనా షార్టయి వేడి ఒక హద్దు దాటితే, ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. ఇక స్విచ్ కట్టినా ఆగదు. గట్టిగా మూసిన రేకు డబ్బాలో అయితే ఆ వాయువు పోవడానికి దారి ఉండదు. అమెరికా అగ్నిమాపక శాఖ 2009 నుంచి 2016 వరకు ఆ దేశంలో ఈ-సిగరెట్లు పేలిన, మండిన సంఘటనలు 195 లెక్కించింది. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్‌లో ఒకరు ఇలాంటి పేలుడు వల్ల చనిపోయారు. గాయాలు ఎక్కువగా తొడ మీద, చేతుల మీద, ముఖం మీద అవుతాయి. తొడ ఎందుకంటే, విడి బ్యాటరీని తాళం చెవులతోనో చిల్లరతోనో కలిపి ప్యాంటు జేబులో వేసుకోవడం వల్ల. పరికరంతో పని లేకుండానే ఒక తాళం చెవి దాని రెండు ధ్రువాలను కలిపేస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు అబ్బాయి జేబులోంచి ఇంకో బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఏమీ అనలేదు గాని, అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

అలాంటి గాయం ఎవరికైనా అయితే వెంటనే బట్టలు తీసేసి, ఇరవై నిమిషాలపాటు ధారగా పారే చల్లని నీటి కింద ఉంచండి. పసుపు, పేస్టు, సిరా పూయవద్దు. ఆసుపత్రికి వచ్చి బ్యాటరీ పేలిందని తప్పక చెప్పండి. మంటతోపాటు రసాయనం కూడా చర్మంలో ఉండిపోవచ్చు, దాన్ని మేము విడిగా పరీక్షించి కడగాలి.

ద్రవం సీసా గురించి రెండు మాటలు. నికోటిన్ ద్రవం తీపి వాసనతో ఉంటుంది, పిల్లలు తాగేస్తారు. కొద్దిపాటి మోతాదు కూడా పసిపిల్లకు ప్రమాదం. వాంతులు, చొంగ కారడం, చెమటలు, ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించడానికి ప్రయత్నించకుండా సీసాతో సహా వెంటనే తీసుకురండి. ఊరూ పేరూ తెలియని సీసాలు ఇంకా చెడ్డవి. 2019లో అమెరికాలో ఈ పరికరాలు పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు విజృంభించి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ భాగానికి, గంజాయి సారం కలిపి దొంగచాటుగా అమ్మిన ద్రవాల్లోని విటమిన్ ఇ అసిటేట్‌తో గట్టి సంబంధం కనబడింది.

అతని మాటకు జవాబు

సిగరెట్టు మానడం చిన్న విషయం కాదు. కాల్చిన పొగాకులోని తారు, కార్బన్ మోనాక్సైడు అతని ఊపిరితిత్తుల్లోకి ఇప్పుడు పోవడం లేదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్యులు ఇదే కారణం చేత సిగరెట్టు మానదలచిన పెద్దవారికి ఈ-సిగరెట్టును ఒక మార్గంగా చూపుతున్నారు. కాని అక్కడ నికోటిన్ ఒక మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, అమ్మే ప్రతి పరికరమూ నిబంధనలకు లోబడాలి. రేకు డబ్బాకు అలాంటి హామీ ఎవరిస్తారు?

మన దేశంలో 2019లో వచ్చిన చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నిటినీ నిషేధించింది. మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "నేను అమ్మడం లేదు కదా సార్" అన్నాడు అబ్బాయి. తయారీ అనే మాట కూడా చట్టంలో ఉందని చెప్పాను. హాస్టల్లో స్నేహితులకు మరో రెండు చేసిచ్చిన సంగతి అప్పుడు బయటపడింది.

"నువ్వు నాబ్‌ను ఈ ఏడాదిలో కిందికి తిప్పావా, పైకి తిప్పావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మొదట 3.5 దగ్గర చాలేదిట. ఇప్పుడు 4.8. పొద్దున్నే లేవగానే చెయ్యి దానికోసమే వెదుకుతుంది. సిగరెట్టు పోయింది గాని నికోటిన్ పోలేదు. సిగరెట్టుకు పెట్టెలో పదో ఇరవయ్యో అని లెక్క ఉంటుంది. దీనికి అదీ లేదు.

నికోటిన్ బిళ్ళలు, చర్మానికి అంటించే ప్యాచ్‌లు మన దేశంలో చట్టబద్ధంగా దొరుకుతాయి. వాటితో వారాల తరబడి మోతాదు తగ్గించుకుంటూ రావచ్చు. పొగలేదు, వేడి లేదు, బ్యాటరీ లేదు. డాక్టరు సలహాతో వాడాలి, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు. ఊరికి దూరంగా చదువుకునే పిల్లలు కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత ఫోను 1800 112 356కు చేసి పొగాకు మానడం గురించి మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటిది ఇంట్లో కనబడితే పగలగొట్టకండి, పొయ్యిలో వేయకండి, చెత్తబుట్టలో పారేయకండి. బ్యాటరీ తీసి రెండు చివర్లా టేపు అంటించి, ఉబ్బినది గాని కారుతున్నది గాని అయితే ఇంటి బయట మండే వస్తువులకు దూరంగా పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇవ్వండి. పిల్లవాణ్ణి తిట్టేముందు ఎంతకాలంగా, రోజుకు ఎంత అని అడగండి. ఆ రెండూ మాకు కావాలి.

అబ్బాయి ఆ రోజు బ్యాటరీలు మూడూ ఇక్కడే వదిలి వెళ్ళాడు. కన్వర్టరు ముక్కను మాత్రం విప్పి తీసుకువెళ్తానన్నాడు, కాలేజీ ప్రాజెక్టులో వాడతాడట. ప్యాచ్ మీద ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది. మధ్యలో పరీక్షలప్పుడు రెండు సిగరెట్లు కాల్చానని తనే చెప్పాడు. స్నేహితులిద్దరిలో ఒకడు క్రితం శనివారం ఓ.పి.కి వచ్చాడు, రెండోవాడు ఇంకా రాలేదు.