బ్యాంకు గ్యారంటీపై స్టే

పని సరిగా చేయలేదని సంస్థ, బిల్లులు రాలేదని కాంట్రాక్టరు. తగవు తేలకముందే సంస్థ, కాంట్రాక్టరు తరఫున బ్యాంకు ఇచ్చిన గ్యారంటీ సొమ్ము చెల్లించమని ఆ బ్యాంకును అడుగుతుంది. ఆపమంటూ కాంట్రాక్టరు కోర్టుకెక్కుతాడు. స్టే దొరకడం అరుదు. గ్యారంటీ బ్యాంకు విడిగా ఇచ్చిన మాట, కాంట్రాక్టు గొడవతో దానికి నిమిత్తం లేదని 1987లో యూపీ కోఆపరేటివ్ ఫెడరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మినహాయింపులు ప్రధానంగా రెండు: గ్యారంటీ పునాదినే కూల్చే ఘోరమైన మోసం, పూడ్చుకోలేని నష్టం. రెండోది రుజువు చేయడం మహా కష్టం. డబ్బు తిరిగి రాదేమోనన్న భయం చాలదు. ఇరాన్ విప్లవం తర్వాత అమెరికా కోర్టుల్లో నడిచిన ఐటెక్ కేసులోలాగా, గెలిచినా వసూలు చేసుకునే దారే మూసుకుపోవాలి. అసలు కిటుకు గ్యారంటీ పత్రంలోని షరతుల్లో ఉంటుంది. 1999లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కేసులో పత్రం ప్రకారం చీఫ్ ఇంజినీరు అడగాల్సిన సొమ్మును ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు అడిగారు. దాంతో సొమ్ము కోరిన బిహార్ ప్రభుత్వానికి చుక్కెదురైంది.