లైబ్రరీ వెబ్‌సైట్‌కు ఫ్రీ సాఫ్ట్‌వేర్.. మరి ఖర్చు ఎక్కడ? గోదావరి జిల్లాల పాఠకులకు లాభమేంటి?

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే కుర్రాడు అమలాపురంలో బస్సెక్కి రాజమండ్రి వస్తాడు. తీరా చూస్తే లైబ్రరీకి సెలవు! లేదంటే కావాల్సిన పుస్తకం అక్కడ లేదు. ఈ రెండు ముక్కలూ ముందే ఫోన్‌లో కనిపిస్తే బస్సు ఛార్జీలు, ఒక రోజు మిగిలేవి. అందుకు లైబ్రరీకి వెబ్‌సైట్ ఉంటే చాలదు.. అది ఏ రోజుకారోజు అప్‌డేట్ అవ్వాలి. ఓపెన్ సోర్స్ సీఎంఎస్ పనికొచ్చేది ఇక్కడే.

సీఎంఎస్ అంటే ఏంటి?

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్.. షార్ట్‌గా సీఎంఎస్. కోడింగ్ రానివాళ్లు కూడా లాగిన్ అయ్యి, నోటీసు టైప్ చేసి, ఫొటో పెట్టి పబ్లిష్ కొట్టొచ్చు. 2001లో వచ్చిన ద్రూపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, 2005లో వచ్చిన జూమ్లా ఈ కోవలోవే. వీటి కోడ్ అందరికీ ఓపెన్. లైసెన్స్ ఫీజు ఉండదు.

అసలు లాభం మాత్రం ఫీజు కాదు. సొంత సాఫ్ట్‌వేర్‌తో సైట్ చేసిచ్చిన కంపెనీ మూతపడితే, ఆ సైట్‌ను ముట్టుకునేవాళ్లు ఉండరు. ఓపెన్ సోర్స్ అయితే కాకినాడలోనో భీమవరంలోనో ఆ పని తెలిసిన మరో కుర్రాడు అందుకుంటాడు.

వెబ్‌సైట్ వేరు.. కేటలాగ్ వేరు

టైమింగ్స్, సెలవులు, కార్యక్రమాలు చెప్పేది వెబ్‌సైట్. ఫలానా పుస్తకం ఉందా, ఎవరైనా తీసుకెళ్లారా చెప్పేది కేటలాగ్. దీనికి కోహా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. న్యూజిలాండ్‌లో చిన్న ఊళ్ల లైబ్రరీలు నడిపే హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు పాత సిస్టమ్ 2000 సంవత్సరం దాటితే పనిచేయదని తేలింది. దాంతో కొత్తది రాయించుకుని, 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టి, కోడ్‌ను లోకానికి ఇచ్చేసింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. మన దగ్గర ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ కూడా ఇలాంటి పనికే ఉంది.

గోదావరి జిల్లాల్లో ఎందుకు ముఖ్యం?

గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది తూర్పు గోదావరిలోని కొంకుదురులో. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం చరిత్ర 1898 నుంచి మొదలవుతుంది. తాళపత్రాలు కూడా ఉన్న లైబ్రరీ అది. ఇంతటి సంపద ఏముందో తెలిస్తేనే కదా వెతుక్కుంటూ వచ్చేది!

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కోనసీమ, కాకినాడ, ఏలూరు విడి జిల్లాలయ్యాయి. ఇలాంటి మార్పును సిబ్బందే సైట్‌లో సరిచేసుకోగలగాలి. ప్రతిసారీ టెక్నీషియన్ కోసం ఆగితే పాత అడ్రసే మిగిలిపోతుంది.

తెలుగుతో వచ్చే చిక్కు

డీటీపీల్లో వాడే అను ఫాంట్లలో కొట్టిన జాబితాను అలాగే ఎక్కిస్తే సెర్చ్‌లో దొరకదు. యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. ‘గ్రంథాలయం’ అని ఒకరు, ‘గ్రంధాలయం’ అని ఇంకొకరు కొడతారు. రాజమండ్రి, రాజమహేంద్రవరం ఒకటేనని కంప్యూటర్‌కు తెలీదు. పేర్లు ఎలా రాయాలో ముందే ఒక పద్ధతి పెట్టుకోకపోతే, బీరువాలో ఉన్న పుస్తకం కూడా సైట్‌లో లేనట్టే.

ఫ్రీ అంటే ఖర్చు లేదని కాదు

డొమైన్‌కు, హోస్టింగ్‌కు ఏటా డబ్బు కట్టాలి. బ్యాకప్ తీయాలి. అప్‌డేట్లు వదిలేస్తే సైట్ హ్యాకర్ల పాలవుతుంది. ద్రూపల్ 7నే తీసుకుంటే, 2025 జనవరి 5తో దానికి అధికారిక సపోర్ట్ ఆగిపోయింది. అప్పటికీ మారని సైట్లకు రిస్కే. సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన డబ్బులో కొంత మనిషి మీద, ట్రైనింగ్ మీద పెట్టాలి.

ఇది జనం సొమ్ముతో నడిచే వ్యవస్థ కూడా. ఏపీ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ‘ఆ పుస్తకం ఉందా?’ అని అడిగే హక్కుంది.

మొదలుపెట్టేవాళ్లకు పెద్ద హంగులు అక్కర్లేదు. టైమింగ్స్, సెలవులు, ఫోన్ నంబర్, కొత్త పుస్తకాల జాబితా.. ఈ నాలుగూ మొబైల్‌లో సరిగ్గా కనిపిస్తే చాలు. డొమైన్, పాస్‌వర్డ్ మాత్రం వ్యక్తి పేరు మీద కాకుండా సంస్థ పేరు మీదే ఉండాలి. లేదంటే ఆ ఉద్యోగి బదిలీ అయిన రోజే సైట్ ఆగిపోతుంది.