పిచ్చికుక్కకాటు

పిచ్చికుక్క కఱచినచో పసరు పూసి ఊరకుండువారు మన పల్లెలలో కలరు. అది ప్రాణాంతకము. ఆ విషము నరములవెంట మెల్లగా ప్రాకి మెదడు చేరును. నీటిని జూచి బెదరు లక్షణము పొడసూపిన పిమ్మట బ్రదుకుట మిక్కిలి అరుదు. కావున విషము మెదడు చేరులోపలి కాలమే మనకు గడువు.

1885లో పారిస్ నగరమున పాస్టరు పండితుడు టీకా వేసి తొమ్మిదేండ్ల బాలుని కాపాడెను. 1907లో కూనూరున పాస్టరు సంస్థ వెలసెను. బొడ్డుచుట్టు వేయు నాటి సూదులు నేడు లేవు, భుజమునకే వేయుదురు. టీకావలన దేహమునకు స్వరక్షణ కలుగుటకు కొన్నిదినములు పట్టును. అంతవఱకు కాపాడుటకై, నెత్తురు వచ్చిన గాయమునందు సిద్ధరక్షకమగు సీరమును గూడ ఎక్కింతురు.

కఱచినంతనే సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే వైద్యునికడకు పోవలయును. నాడు కూనూరుదాక పోవలసియుండెను. నేడు కురబలకోటవారికి మదనపల్లె చాలును. జాగు చేయకుడు.