జీవామృతం నేలకు మేలు, చేపల తొట్టికి కీడు: తనంతట తాను నడిచే అక్వేరియం ఎలా కట్టుకోవాలి?



మోటరు లేదు, ఫిల్టరు లేదు, అయినా నీళ్లు తేటగా ఉన్న గాజు తొట్టిని వీడియోలో చూపిస్తే చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు: "అన్నా, ఇందులో ఒక గ్లాసు జీవామృతం పోస్తే మొక్కలు ఇంకా మంచిగ పెరుగుతయి కదా?" పోయొద్దు. ఎందుకు పోయొద్దో తెలిస్తే తొట్టి మొత్తం తెలిసినట్టే.

లెక్క చూద్దాం. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లు పట్టుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. 40 లీటర్ల తొట్టిలో ఒక సమయంలో కరిగి ఉండే ఆక్సిజన్ అంతా కలిపినా సుమారు 300 మిల్లీగ్రాములు. అంటే ఒక లీటరు సీసాలోని గాలిలో ఉండేదానికి కొంచెం ఎక్కువ, అంతే. మరి ఒక గ్రాము బెల్లం నీళ్లలో పూర్తిగా కుళ్లిపోవాలంటే దాదాపు ఒక గ్రాము ఆక్సిజన్ కావాలి. తొట్టిలో ఉన్నది అందులో మూడో వంతు కూడా కాదు.

జీవామృతంలో బెల్లం, పప్పు పిండి వేసేది సూక్ష్మజీవులు పెరగడానికే. నేలలో మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది, కాబట్టి అవి ఎంత పెరిగినా ఊపిరి ఆడుతుంది. నీళ్లలో అవే సూక్ష్మజీవులు చేపల ఊపిరి లాక్కుంటాయి. కార్ప్ చేపల చెరువుల్లో పేడ వేస్తారు కదా అంటారేమో. అక్కడ నీటి విస్తీర్ణం పెద్దది, ఎండ బాగా తగులుతుంది, వేసేది కూడా కొలతతో వేస్తారు. అయినా భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో తెల్లవారుజామున ఏరేటర్లు తిప్పుతుంటారు. రాత్రంతా మొక్కలు, నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లారేసరికి అది అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది.

తొట్టిలో జరిగే పని

చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. అది చేపకే విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. నైట్రోస్పైరా లాంటివి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్కలు అమ్మోనియాను, నైట్రేట్‌ను రెండింటినీ తీసుకుని ఆకులు వేస్తాయి. పొలంలో జరిగే నత్రజని చక్రమే ఇది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా బతికేది నీళ్లలో కాదు, ఇసుక మీద, ఆకుల మీద, గాజు గోడల మీద. అందుకే తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లోనే గోల్డ్ ఫిష్, వాలిస్నేరియా గడ్డి కలిపి తొట్టి నడిపాడు. ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతుంటే చెరువు నత్తలు వేశాడు. కుళ్లిన ఆకుల్ని నత్తలు తిన్నాయి, తొట్టి కుదురుకుంది. చేప, మొక్క, నత్త: ఈ మూడు ఉండాలి.

కట్టే పద్ధతి

1. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి తీసుకోండి. మట్టి, పై ఖాళీ పోగా సుమారు 40 లీటర్ల నీళ్లు పడతాయి. అన్నీ నిండితే 60 కిలోలు దాటుతుంది, బల్ల గట్టిగా ఉండాలి. రోజుకు 8 గంటల వెలుతురు చాలు, నేరుగా మధ్యాహ్నం ఎండ వద్దు.

2. అడుగున అంగుళం మందం జల్లెడ పట్టిన మట్టి. 5 లీటర్ల డబ్బాడు సరిపోతుంది. మా న్యాల్‌కల్ వైపు నల్లరేగడి ఎక్కువ, కానీ అది నీళ్లలో తొందరగా తేరుకోదు. ఎర్రమట్టి మేలు. పేడ, వర్మీ కంపోస్టు, ఘనజీవామృతం పడని చోటి మట్టి తీసుకోండి.

3. దాని మీద అంగుళం మందం కడిగిన ముతక ఇసుక. పైన పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోస్తే మట్టి లేవదు.

4. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, రెండు రోజులు ఎండలో తెరిచి పెట్టి వాడండి. బోరు నీళ్లయితే పీహెచ్ చూసుకోండి. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 ఉంటే 5 వంతులు, 9కి పోతే మూడో వంతు దాటుతుంది.

5. మొదటి రోజే మొక్కలు నిండుగా నాటండి: వాలిస్నేరియా, హైడ్రిల్లా. అజొల్లా వేస్తే సగం పైభాగం మించనివ్వొద్దు, వెలుతురు ఆగిపోతుంది. అది గాలిలోని నత్రజనితోనే బతకగలదు, కాబట్టి నీళ్లు శుభ్రం చేసే పని దాని ఒక్కదానికే అప్పగించొద్దు.

6. వారం తర్వాత నాలుగు నత్తలు. కొత్త ఆకులు వస్తున్నాయంటే రెండు గప్పీలు. నాలుగు నుంచి ఆరు వారాలు పోయాక ఇంకో నాలుగు. గప్పీ గట్టి నీళ్లను తట్టుకుంటుంది, దోమ పిల్లల్ని తింటుంది. గంబూసియా వద్దు, తోటి చేపల రెక్కలు కొరుకుతుంది. కొర్రమట్ట పిల్లను తెస్తే మిగతావి దాని కడుపులోకే.

రోజువారీ

మేత అంటే ఎరువే. రెండు నిమిషాల్లో తినేసేంత చిటికెడు, రోజుకొకసారి. వారంలో ఒక రోజు పస్తు పెట్టినా ఏం కాదు. తెల్లారి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఊపిరి అందడం లేదన్నమాట. వెంటనే మేత ఆపి, కుళ్లిన ఆకులు తీసి, నాలుగో వంతు నీళ్లు మార్చండి.

"తనంతట తాను" అంటే అసలు చెయ్యి పెట్టకపోవడం కాదు. ఎండాకాలంలో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పులు మాత్రం నీళ్లలోనే మిగులుతాయి. బోరు నీళ్లే పోస్తూ పోతే నీళ్లు ఇంకా గట్టిపడతాయి. దొరికితే వాన నీళ్లు పట్టి పెట్టుకుని పోయండి. పదిహేను రోజులకోసారి నాలుగైదు లీటర్లు తీసి నారుమడికి పోయండి, అందులో నైట్రేట్ ఉంటుంది. పెరిగిన మొక్కలు కత్తిరించి కంపోస్టులో వేయండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. గప్పీలు ఎక్కువైతే నారింజ వాగులోనో మంజీరలోనో వదలొద్దు. అవి బయటి దేశం చేపలు, మన పరకలకు పోటీ అవుతాయి. తోటి రైతుకు ఇవ్వండి.

పొలంలో నీటి కుంట ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. పేడకుప్ప కుంట గట్టు మీద ఉంటే మొదటి పెద్ద వానకే ఆ రసమంతా కుంటలోకి దిగుతుంది, తెల్లారి చేపలు తేలుతాయి. వానలు రాకముందే కుప్పను కుంటకు దిగువకు మార్చండి. జీవామృతం డ్రమ్ము కూడా అంతే.